పంది పిల్లల రక్తం ఎందుకు తీసుకెళ్లారు? మా ఆవులకి చూడక్కర్లేదా?

కాలువగట్టు (ప్రశ్న):
మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఉభాలయ్యి నెల దాటింది, మడుల నిండా నీళ్లు. పొద్దు గూకితే శాలలో పాలు పితకనివ్వవు దోమలు. పోయిన వారం ఇద్దరొచ్చి చెరువు వెనక పందులు పెంచుకునే ఆయన దగ్గర ఎనిమిది పిల్లలకి రక్తం తీసుకెళ్లారు. పెద్ద పందుల్ని ముట్టుకోలేదు. మా రెండు జెర్సీ ఆవుల వైపు చూడనైనా లేదు. ‘మెదడువాపు పరీక్ష’ అన్నారట. జబ్బు వచ్చేది మనుషులకైతే పంది పిల్లకి సూదేమిటి? మా ఆరేళ్ల గుంటడు వాళ్ల నాన్నమ్మతో శాల పక్క అరుగు మీదే పడుకుంటాడు, అదీ నా టెన్షన్. ఇంకొకటి, ఆ మధ్య ఒక ఆవుకి ఒళ్లంతా గడ్డలు వచ్చాయి. అప్పుడూ దోమలే అన్నారు. ఇదీ అదీ ఒకటేనా?

సూదిమందు మావయ్య:
బాబూ, పశువుల ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు చేశాను, ఇలాంటి రక్తాలు నేనూ తీశాను. (పంది పిల్లని పట్టుకోవడమంటే ఒంటి మీద చొక్కా మిగలదు.)

ఇది జపనీస్ మెదడువాపు. ఈ వైరస్ అసలు ఇల్లు కొంగలు. మడిలో తిరిగే తెల్లకొంగ, గుడ్డికొంగ, అవే. దోమ దాన్ని కొంగ నుంచి పందికి చేరుస్తుంది. పంది చూడ్డానికి బాగానే ఉంటుంది, చూలు పంది మాత్రం చచ్చిన పిల్లల్ని ఈనవచ్చు. కానీ కొన్నాళ్లపాటు దాని రక్తంలో వైరస్ బాగా పెరిగిపోతుంది, అప్పుడు కుట్టిన దోమలన్నీ దాన్ని మోస్తాయి. మనిషిలో అంత పెరగదు. ఒక మనిషిని కుట్టిన దోమ ఇంకొకరికి అంటించలేదు.

పిల్లలకే ఎందుకంటే, పెద్ద పంది రక్తంలో యాంటీబాడీలు (వైరస్‌ మీద పోరాడ్డానికి ఒళ్లు తయారుచేసుకునేవి) కనబడితే అవి ఏ సంవత్సరానివో తెలీదు. తల్లిపాల రక్షణ పోయిన నాలుగైదు నెలల పిల్లలో కనబడితే అది ఈ సీజనుదే. ఆవుల్నీ ఈ దోమ తెగ కుడుతుంది, వాటిలోనూ యాంటీబాడీలు వస్తాయి, కొన్నిచోట్ల పరీక్షిస్తారు కూడా. కానీ ఆవు నుంచి దోమకి వైరస్ వెళ్లదు. మీ జెర్సీల వల్ల గుంటడికి ప్రమాదం లేదు. శాల వాసనకి చేరే దోమల వల్ల ఉంది. అరుగు మీద నుంచి లోపలికి మార్చి దోమతెర కట్టండి.

గడ్డలది వేరే వైరస్, లంపీ స్కిన్. మన దేశంలో 2019లో మొదట ఒడిశాలో బయటపడింది. ఈగలు, దోమలు, గోమార్లు మోస్తాయి. మనుషులకి రాదు. దానికి మేకల మశూచి టీకా వేస్తారు.

బొబ్బిలి బుల్లెట్:
ఇంత గోల ఎందుకు, పందుల్ని ఊరవతలికి తోలేస్తే సరి.

సూదిమందు మావయ్య:
ఊరవతల ఉండేది మడులే కదా నాయనా. కొంగల్ని కూడా తోలతావా? ఆ పందుల మీదే ఆయన కూతురి చదువు నడుస్తోంది. ముట్టుకున్నా, ఉడికించి తిన్నా ఈ జబ్బు రాదు.

ల్యాబ్ అక్క:
మనుషుల వైపు సంగతి నేను చెప్తాను. వైరస్ సోకిన రెండు మూడు వందల మందిలో ఒకరికే మెదడువాపు దాకా వెళుతుంది. అందుకే పేషెంట్లను మాత్రమే లెక్కపెడితే ఊళ్లో వైరస్ తిరుగుతోందని ఆలస్యంగా తెలుస్తుంది. పంది పిల్లలు ముందే చెప్తాయి. జ్వరంతో పాటు ఫిట్స్, మత్తు, మాట తేడా ఉన్న పిల్లలొస్తే రక్తం, వెన్నునీరు తీసి ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ) పరీక్షకి పంపుతాం. అలాంటిది కనబడితే నాటువైద్యం అని ఒక్క పూట కూడా ఆగొద్దు. టీకా తొమ్మిదో నెలలో ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటి. ఎంపిక చేసిన జిల్లాల్లోనే వేస్తారు కాబట్టి బాబు కార్డు ఏఎన్ఎం గారికి చూపించండి. డెంగీ దోమ మాత్రం వేరు, పగలు కుడుతుంది, మీ డ్రమ్ములోనే పుడుతుంది. శుక్రవారం ఒక్కరోజు డ్రమ్ము కడిగితే మెదడువాపు దోమ పోదు, అది మడి నీళ్లది. మధ్యమధ్యలో మడి ఆరగడితే దాని పిల్లలు చస్తాయి.

కాలువగట్టు:
మావయ్యా, అక్కా, దండాలు. మంచం లోపల వేశాను. మా అమ్మ మాత్రం వేపాకు పొగ చాలంటోంది. ఆరగట్టడం నా చేతిలో లేదు, పై మడి వాళ్లు వదిలితే నాకు నీళ్లు. ఒక్క మాట, రక్తం తీసినవాళ్లు మళ్లీ కనబడలేదు. పందుల ఆయన రోజూ నన్నే అడుగుతున్నాడు, ఎక్కడ కనుక్కోవాలి?

సూదిమందు మావయ్య:
గొట్టాల మీద నంబర్లు రాసి ఉంటారు. తేదీ చెప్పి మీ మండలం పశువుల డాక్టరు గారిని అడగమనండి. మీరూ వెంట వెళ్లండి, ఒక్కడే వెళితే రేపు రమ్మంటారు.