పిండంలో సెక్స్ హార్మోన్లు కొలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (శాంపిల్, కిట్, ఫ్రీజర్ సందేహాలు)

పరిశోధక_పావని
పీహెచ్‌డీ రెండో ఏడు, హైదరాబాద్. గర్భస్థ శిశువులో టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), ఎస్ట్రియోల్ (ఒక రకం ఈస్ట్రోజెన్, ఆడ హార్మోన్) ఎప్పుడు ఎంత తయారవుతాయన్నది నా టాపిక్. బొడ్డుతాడు రక్తం చాలా, ఉమ్మనీరు కావాలా? ఎలైజా కిట్ (యాంటీబాడీతో హార్మోన్‌ను పట్టి కొలిచేది) చాలంటున్నారు మా గైడ్, నిజమేనా? ఉమ్మనీరు మైనస్ 20లో ఏడాది ఉంచితే పాడవుతుందా? మా మైనస్ 80 ఫ్రీజర్ నాలుగు నెలలుగా రిపేర్‌లో ఉంది. ఎథిక్స్ కమిటీలో ఫైలు కదలడం లేదు, దాని సంగతీ చెప్పండి.

కాకినాడ_గైనిక్
బొడ్డుతాడు రక్తం కాన్పు రోజు సంగతే చెబుతుంది. మగపిండం వృషణాల్లో టెస్టోస్టెరాన్ తయారీ ఎనిమిదో వారం ప్రాంతంలో మొదలై, సుమారు 11 నుంచి 14 వారాల మధ్య బాగా పెరుగుతుంది. తర్వాత తగ్గిపోతుంది. కాన్పు రోజు కొలవడమంటే పెళ్లయిన ఆరు నెలలకు వెళ్లి ఖాళీ పందిరిని అడిగినట్టే. ఉమ్మనీరు నయం, కానీ వేరే కారణంతో తీసినదాంట్లో మిగిలిందే వాడాలి. పరిశోధన కోసం సూది గుచ్చుతానంటే ఏ కమిటీ ఒప్పుకోదు.

ఇంకో మాట. ఆ అంకె చూస్తే మగా ఆడా చాలావరకు తెలిసిపోతుంది. 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం మాటతో గానీ సైగతో గానీ చెప్పకూడదు. మీ ఫైలు అక్కడే ఆగి ఉంటుంది.

ఉత్త_పాఠకుడు
మా అమ్మమ్మ పొట్ట చూసి చెప్పేసేది. ఏడుగురిలో ఏడుగురూ కరెక్ట్. ఏ కిట్టూ లేదు.

నెల్లూరు_అమ్మ
మీ అమ్మమ్మ తప్పు చెప్పినవి మీకు చెప్పి ఉండదు తమ్ముడూ.

కిట్ అన్నారు కాబట్టి రాస్తున్నా. మా పాప 32 వారాలకే పుట్టింది. మడమ రక్తం తీసి 17-ఓహెచ్‌పీ అనే హార్మోన్ ఎక్కువ, అడ్రినల్ (మూత్రపిండాల మీది గ్రంథి) జబ్బు కావచ్చు అన్నారు. పన్నెండు రోజులు ఇంట్లో అన్నం సయించలేదు. మళ్లీ ఎల్‌సీ-ఎంఎస్‌లో (యాంటీబాడీ లేకుండా బరువును బట్టి అణువుల్ని గుర్తించే మిషన్) చేయిస్తే నార్మల్. ఇలాంటి టెస్టులు పెట్టి తల్లుల్ని ఏడిపించడం దేనికి?

ల్యాబ్_లక్ష్మణ్
అదే నేను చెప్పేది. నెల తక్కువ బిడ్డల రక్తంలో పిండం అడ్రినల్ తయారుచేసిన సల్ఫేట్ అతుక్కున్న స్టీరాయిడ్ హార్మోన్లు నిండుగా ఉంటాయి. కిట్‌లోని యాంటీబాడీ వాటినీ 17-ఓహెచ్‌పీ అనుకుని పట్టేసుకుంటుంది. పుట్టిన బిడ్డలోనే ఇంత గోలైతే పిండం శాంపిల్‌లో ఎలైజా వేస్తే వచ్చేది లాటరీ నంబరు. పావని గారూ, కిట్ పారేయండి.

వరంగల్_నాన్న
టెస్టు దేనికి అన్నవారికి. మా బాబుకు ఆ టెస్టే చేయలేదు. మగపిల్లల్లో ఈ జబ్బు పైకి కనబడదు. పన్నెండో రోజు వాంతులు. పాలు పడట్లేదు అన్నారు, పాలు మార్చారు. సోడియం పడిపోయి ఐసీయూకు వెళ్లాక గానీ 21-హైడ్రాక్సిలేజ్ (అడ్రినల్ హార్మోన్ల తయారీకి కావాల్సిన ఎంజైమ్) లోపమని ఎవరికీ తట్టలేదు. మీరు పన్నెండు రోజులు ఏడ్చారు, మీ పాప నార్మల్. మేం ఇప్పటికీ రోజుకు మూడుపూటలా హైడ్రోకార్టిజోన్ బిళ్ల పొడిచేసి వేస్తున్నాం.

నెల్లూరు_అమ్మ
అన్నా, మీ బాధను తక్కువ చేయలేదు. తప్పు కిట్టుది అన్నానంతే.

వరంగల్_నాన్న
మీరు రాసింది 'దేనికి?' అని. పైకి వెళ్లి మీరే చదువుకోండి.

రిటైర్డ్_మాస్టారు
కిట్టుదీ కాదు, తల్లిదీ కాదు, తొందరది. నేను 1984 నుంచి ఆర్‌ఐఏ (రేడియోధార్మిక గుర్తుతో, యాంటీబాడీతో హార్మోన్ కొలిచే పాత పద్ధతి) చేశాను, నా చేతిమీదుగా పోయిన శాంపిళ్లు ఈ దారంలో ఉన్నవారి వయసులన్నీ కలిపినా ఎక్కువే. మేం శాంపిల్‌ను నేరుగా వేసేవాళ్లం కాదు. ఈథర్‌తో లాగి, సెలైట్ పొడి నింపిన గొట్టం (కాలమ్) మీద ఒక్కో స్టీరాయిడ్‌నూ వేరుచేసి, అప్పుడు యాంటీబాడీ చూపించేవాళ్లం. సల్ఫేట్లు నీళ్లలోనే ఉండిపోతాయి. ఇప్పటివాళ్లు ఆ రెండు రోజుల పని ఎగ్గొట్టి యాంటీబాడీని తిడుతున్నారు.

ల్యాబ్_లక్ష్మణ్
మాస్టారూ, మీ ఈథర్ పొగ పీల్చే ల్యాబు ఇప్పుడెక్కడుంది? ఎల్‌సీ-ఎంఎస్ అయితే ఒక్క చుక్కలో పది స్టీరాయిడ్లు ఒకేసారి.

రిటైర్డ్_మాస్టారు
ఆ మిషన్ ఆ అమ్మాయికి మీరు కొనిపెడతారా? ఫ్రీజరే బాగుచేయించుకోలేక ఏడుస్తోంది.

అబెర్డీన్_ఆంధ్రా
ఇద్దరూ టెస్టోస్టెరాన్ ఒక్కటే పట్టుకున్నారు. 2019లో వచ్చిన పేపర్ చూడండి. మగపిండంలో దొడ్డిదారి ఒకటి ఉంది. టెస్టోస్టెరాన్‌ను తాకకుండానే డీహెచ్‌టీ (ఇంకో మగ హార్మోన్) తయారయ్యే దారి. ఆ దారిలో ముఖ్యమైన ఆండ్రోజెన్ (మగ హార్మోన్) పేరు ఆండ్రోస్టెరోన్. అది ఎక్కువగా వృషణాల్లో కాదు, మాయ (ప్లాసెంటా), అడ్రినల్ లాంటి చోట్ల తయారవుతుందని చూపించారు. మీ కిట్‌లో ఆండ్రోస్టెరోన్ ఉందా?

ఐదోనెల_సింధు
సారీ, మధ్యలో వస్తున్నా. జ్వరానికి డోలో (పారాసెటమాల్) వేసుకుంటే మగపిల్లాడికి ఈ హార్మోన్ తగ్గిపోతుందని వాట్సాప్‌లో వచ్చింది. నేను మూడు వేసుకున్నా. టెన్షన్‌గా ఉంది.

అబెర్డీన్_ఆంధ్రా
అది 2015 నాటి ఎడిన్‌బరో ప్రయోగం. మనిషి పిండం వృషణం ముక్కల్ని ఎలుకల్లో నాటి పారాసెటమాల్ ఇచ్చారు. వారంపాటు రోజుకు మూడుసార్లు ఇస్తే టెస్టోస్టెరాన్ 45 శాతం తగ్గింది. ఒక్కరోజు ఇస్తే ఏమీ కాలేదు.

కాకినాడ_గైనిక్
సింధూ, జ్వరాన్ని వదిలేయడం ఇంకా ప్రమాదం. మీ డాక్టర్‌కు ఫోన్ చేయమ్మా, వాట్సాప్ మూసెయ్.

విజయవాడ_రమ
ఎస్ట్రియోల్ గురించి ఎవరూ ఎత్తలేదు. నా క్వాడ్రపుల్ టెస్టులో (గర్భిణి రక్తంతో చేసే స్క్రీనింగ్) అది దాదాపు సున్నా. బిడ్డకు ఏదో అయిందని నెల్లాళ్లు వణికిపోయా. పుట్టాక చూస్తే బాబు బంగారం, కాకపోతే ఒళ్లంతా చేప పొలుసుల్లా పొడిచర్మం. మా తమ్ముడికీ అదే చర్మం, మా మేనమామకూ అదే. మేనమామ పోలిక అని మా అత్తగారు సర్దిచెప్పారు.

రిటైర్డ్_మాస్టారు
మీ అత్తగారు తెలియకుండానే జెనెటిక్స్ చెప్పారు. అది స్టీరాయిడ్ సల్ఫటేజ్ అనే ఎంజైమ్ లోపం, ఎక్స్ క్రోమోజోమ్ మీద తల్లి వైపు నుంచి వస్తుంది. పిండం అడ్రినల్ డీహెచ్‌ఈఏ-సల్ఫేట్ అనే ముడిసరుకు పంపిస్తుంది, పిండం కాలేయం దాన్ని కొంచెం మారుస్తుంది, మాయ ఆ సల్ఫేట్ తోకను కోసి ఎస్ట్రియోల్ చేస్తుంది. మీ బాబు మాయలో కత్తెర లేదు. పిండం, మాయ కలిసి ఒకే ఫ్యాక్టరీ అని స్టాక్‌హోమ్‌లో డిచ్‌ఫలూషీ అనే శాస్త్రవేత్త చెప్పింది ఇదే.

ఉత్త_పాఠకుడు
అసలు మొదట అందరూ ఆడపిల్లలేనట కదా? హార్మోన్ వస్తేనే మగాడట.

కాకినాడ_గైనిక్
1947లో ప్యారిస్‌లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే శాస్త్రవేత్త కుందేలు పిండాల్లో బీజకోశాలు తీసేస్తే అన్నీ ఆడవిగానే పెరిగాయి. అక్కడిదాకా మీరన్నది సరే. కానీ ఆడపిండానికి కూడా తన జన్యువులు పనిచేయాలి, ఊరికే ఖాళీగా ఉంటే అయిపోయేది కాదు. జోస్ట్ తర్వాత టెస్టోస్టెరాన్ గుళిక పెడితే మగ నాళాలు నిలిచాయి, ఆడ నాళాలు మాత్రం పోలేదు. అంటే వృషణంలో రెండో పదార్థం ఒకటుంది. అదే ఏఎంహెచ్ (యాంటీ ముల్లేరియన్ హార్మోన్), ఇప్పుడు ఐవీఎఫ్ సెంటర్లలో ఆడవాళ్లకు టెస్టు చేసేది దాన్నే.

విజయవాడ_రమ
నాకు ఏఎంహెచ్ 0.9 వచ్చింది, అదీ చెప్తారా డాక్టర్ గారూ?

పరిశోధక_పావని
అందరికీ థ్యాంక్స్. మైనస్ 20 సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_లక్ష్మణ్
స్టీరాయిడ్లు గట్టివే, ప్రొటీన్లలా తొందరగా పాడుకావు. కానీ మళ్లీమళ్లీ కరిగించి గడ్డకట్టించొద్దు. మొదటిరోజే చిన్న ట్యూబుల్లో పంచి పెట్టండి. డోర్‌లోనే మంచు పేరుకునే ఫ్రీజర్లో మాత్రం వద్దు. మాస్టారు చెప్పిన ఈథర్ పద్ధతి కూడా ఒకసారి చేసి చూడండి, కిటికీ తీసి పెట్టుకుని.

రిటైర్డ్_మాస్టారు
కిటికీ కాదు, ఫ్యూమ్ హుడ్. దగ్గర్లో దీపం, స్టవ్ ఏదీ ఉండకూడదు.

వరంగల్_నాన్న
పావని గారూ, మా ఆఫీసు కోల్డ్ స్టోరేజీకి వచ్చే మెకానిక్ మైనస్ 80 కూడా చేస్తాడు. ఇన్‌బాక్స్‌లో అడగండి, నంబర్ ఇస్తా. మే నెలలోపు పిలిపించుకోండి, ఆ తర్వాత దొరకడు.