అప్‌డేట్: ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం సహాయ నిధి దరఖాస్తు

చంద్రగిరి నియోజకవర్గంలో ఉండే మా పిన్నికి వేలూరులో ఆపరేషన్ అయింది. డబ్బు మేమే కట్టాం. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎలా అప్లై చేయాలని ఇక్కడ అడిగాను కదా. దరఖాస్తు తీసుకున్నారు. ఇదే పనిమీద ఉన్నవాళ్ల కోసం వివరాలు రాస్తున్నా.

వైద్యం ఏ ఊళ్లో జరిగినా, రోగి సొంత నియోజకవర్గం ఎమ్మెల్యే ఆఫీసుకే వెళ్లండి. తిరుపతి సిటీ పక్కనే ఉన్నా చాలా పల్లెలు చంద్రగిరి కిందికొస్తాయి, ఓటరు కార్డులో చూసుకోండి.

బిల్లులన్నీ ఒరిజినల్సే కావాలి. ప్రతి బిల్లు మీదా ఆసుపత్రి సీలు, సంతకం ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జత చేయాలి. ఒరిజినల్స్ చేతులు మారకముందే మొత్తం సెట్ జిరాక్స్ తీసి పెట్టుకోండి, ఆ తర్వాత మళ్లీ చేతికి రావు.

అసలు చిక్కు పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాస్‌బుక్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటే, చెక్కు వచ్చాక బ్యాంకులో ఆగిపోతుంది. చెక్కుకి గడువు మూడు నెలలే. అందుకే ముందే పాస్‌బుక్‌లో పేరు సరిచేయించండి. బిల్లులో పేరు తేడాగా ఉంటే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లోనే మార్పించుకోవాలి, ఎమ్మెల్యే ఆఫీసువాళ్లు దిద్దలేరు.

దరఖాస్తు ఇచ్చాక నంబరు అడిగి రాయించుకోండి, దయచేసి ఇది మాత్రం వదలొద్దు. మధ్యవర్తులకు పైసా ఇవ్వక్కర్లేదు.