గీజర్ థర్మోస్టాట్ పోయింది, డైరెక్ట్ చేసి వాడుకోవచ్చా?

బోరునీళ్ల_ఇల్లు అడిగారు:

మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. 25 లీటర్ల నిలువు గీజర్, 2000 వాట్లు, బోరు నీళ్లు. మొదట నీళ్లు సలసలా కాగి కుళాయిలోంచి ఆవిరి తన్నుకొచ్చింది. మర్నాటి నుంచి అసలు వేడెక్కడం లేదు, ఎర్ర లైటు కూడా వెలగడం లేదు. ఎంసీబీ (బోర్డులోని రక్షణ స్విచ్) మాత్రం పడలేదు. చూడ్డానికొచ్చిన ఎలక్ట్రీషియన్ "థర్మోస్టాట్ పోయిందండీ, డైరెక్ట్ చేసేస్తా, అరగంటకి మీరే స్విచ్ ఆపేసుకోండి" అంటున్నాడు. అంటే, వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్‌ని తప్పించి వైరు నేరుగా కలపడం. అలా వాడొచ్చా? కొత్తది వేయాలంటే ఏది కొనాలి? ట్యాంకులో నీళ్లన్నీ దింపాలా? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

ఫేజ్_న్యూట్రల్ జవాబు:

డైరెక్ట్ వద్దండి, ఒక్క పూటకి కూడా. మీ గీజర్‌లో జరిగింది వరసగా చూడండి. థర్మోస్టాట్ కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, అందుకే వేడి చాలినా కరెంటు ఆగలేదు, నీళ్లు మరిగాయి. అప్పుడు థర్మల్ కటౌట్ (వేడి మరీ మించితే కరెంటు తెంపే రక్షణ భాగం) తెగి గీజర్‌ని ఆపింది. ఇప్పుడు లైటు వెలగకపోవడానికి కారణం అదే అయ్యుండాలి. కటౌట్ మీది చిన్న బటన్ నొక్కితే మళ్లీ పనిచేస్తుంది, మళ్లీ మరుగుతుంది. థర్మోస్టాట్‌నీ కటౌట్‌నీ తప్పించి డైరెక్ట్ ఇస్తే ఇక మిగిలేది ప్రెషర్ వాల్వ్ ఒక్కటే. బోరు నీళ్ల ఇళ్లలో అది ఉప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలే. మూసుకుపోయిన ట్యాంకులో నీళ్లు 100 డిగ్రీలు దాటాక ట్యాంకు పగిలితే ఆ నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. గోడ కూడా ఆగదు. స్విచ్ ఆపడం మర్చిపోయే రోజు ఎవరింట్లోనైనా వస్తుంది.

ఇక పని. గీజర్ స్విచ్ ఆపితే చాలదు, బోర్డులో దాని ఎంసీబీ దింపండి. కొన్ని ఇళ్లలో స్విచ్‌ని న్యూట్రల్ మీద వేసి ఉంటారు, స్విచ్ ఆపినా లోపల ఫేజ్ ఉంటుంది. టెస్టర్ లైటు వెలగలేదని నమ్మొద్దు. మీటర్‌ని ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి 230 వోల్టులు చూపిస్తోందో లేదో చూసి, తర్వాత గీజర్ టెర్మినళ్ల దగ్గర ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మధ్య కొలవండి. మూడూ సున్నా రావాలి. ఆ తర్వాత మీటర్‌ని మళ్లీ సాకెట్‌లో ఒకసారి పెట్టి చూడండి, మధ్యలో అదే చెడిపోలేదని తేలాలి కదా. నీళ్లు మరిగిన రోజయితే కొన్ని గంటలు చల్లారనివ్వకుండా దేన్నీ విప్పకండి.

కింది కవర్ తీశాక, వైర్లు పీకే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. వైర్లు ఊడదీశాక ఎలిమెంట్ (నీళ్లని వేడిచేసే కడ్డీ) రెండు కాళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. 2000 వాట్లకి 26 ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. (3000 వాట్లయితే సుమారు 17 నుంచి 18.) ఎలిమెంట్ కాలికీ ట్యాంకు లోహానికీ మధ్య మీటర్ ఏమీ చూపించకూడదు. చూపిస్తే ఎలిమెంట్ గొట్టానికి చిల్లు పడి లోపలికి తేమ చేరినట్టే, అప్పుడు థర్మోస్టాట్ మార్చి లాభం లేదు.

థర్మోస్టాట్ పరీక్షలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు మీటర్‌ని కంటిన్యుటీ (దారి కలిసుంటే బీప్ ఇచ్చే) మోడ్‌లో పెడితే బీప్ వస్తుంది, బాగుందనుకుంటారు. మంచి థర్మోస్టాట్ అయినా, అతుక్కుపోయినది అయినా చల్లగా ఉన్నప్పుడు బీప్ ఇస్తుంది! తేడా వేడిలోనే తెలుస్తుంది. దాన్ని బయటికి తీసి, డయల్‌ని అన్నిటికన్నా తక్కువకి తిప్పి, కాడని (ట్యాంకు లోపలికి దిగే సన్నని లోహపు కడ్డీని) మాత్రం పొయ్యి మీంచి దింపిన వేడినీళ్ల గిన్నెలో ముంచండి. తల తడవకూడదు, వైరు ఏదీ తగిలి ఉండకూడదు. ఒకటి రెండు నిమిషాల్లో టక్కుమని తెరుచుకుని బీప్ ఆగాలి. ఆగకపోతే అది అతుక్కుపోయిందన్నమాట.

నీళ్ల సంగతి: కాడ ఉన్న థర్మోస్టాట్ ఒక పొడి గొట్టంలో కూర్చుంటుంది, నీళ్లకి నేరుగా తగలదు. కాబట్టి ట్యాంకులో నీళ్లు దింపనక్కర్లేదు. కాడ తీయగానే గొట్టంలోంచి నీళ్లు కారితే మాత్రం గొట్టం తుప్పుతిని చిల్లు పడింది, ఎలిమెంట్‌తో సహా ఫ్లాంజ్ (అవి బిగించి ఉండే లోహపు మూత) మార్చాలి.

పార్ట్స్_గల్లీ జవాబు:

కొనే విషయం. పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లండి, ఫొటో సరిపోదు. కాడ పొడవు ముఖ్యం: మరీ పొడవుంటే పూర్తిగా లోపలికి దిగదు, టెర్మినళ్లు కవర్‌కి తగులుతాయి. పొట్టిదైతే నీళ్ల మధ్య వేడి దానికి అందదు. మీది కాడ రకం కాకుండా సన్నని రాగి తీగ చివర బల్బు ఉన్న క్యాపిలరీ రకమైతే ఆ తీగని గట్టిగా మడవకండి, మడత దగ్గర పగిలితే అందులోని ద్రవం పోయి కొత్తదే పనికిరాకుండా పోతుంది. మీ గీజర్ 8.7 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్లకి తగ్గనిది తీసుకోండి. కటౌట్ విడిగా ఉంటే దాన్నీ మార్చేయండి, అంత వేడి చూసింది కదా.

బకెట్లో పెట్టే రాడ్డుకి మామూలుగా థర్మోస్టాట్ ఉండదు, కాబట్టి ఇదేదీ దానికి వర్తించదు. వారంటీ ఉన్న గీజర్‌ని విప్పకండి, కంపెనీవాళ్లనే పిలవండి.

బోరునీళ్ల_ఇల్లు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. చెప్పినట్టే కొలిచాను. ఎలిమెంట్ 26.3 ఓమ్‌లు, ఎర్త్‌కి ఏమీ లేదు. వేడినీళ్లలో పెట్టినా థర్మోస్టాట్ బీప్ ఆగలేదు. కటౌట్ తెగి ఉంది. థర్మోస్టాట్ లగ్గు (వైరు చివర తగిలించే లోహపు కొస) ఒకటి నల్లగా కాలి, దాని దగ్గర వైరు తొడుగు కరిగింది. ఫ్లాంజ్ అంచున తెల్లటి మరక కూడా ఉంది. ఇదంతా థర్మోస్టాట్ వల్లేనా?

ఫేజ్_న్యూట్రల్ జవాబు:

లగ్గు వదులుగా ఉండటం కూడా కారణమే. వదులు లగ్గు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడి పక్కనే ఉన్న కాంటాక్టులని పాడుచేస్తుంది. ఆ లగ్గుకే కొత్త థర్మోస్టాట్ తగిలిస్తే అదీ కాలుతుంది. వైరుని మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త లగ్గుని క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. టంకం పెట్టొద్దు, వేడికి కరుగుతుంది. పొడవు చాలకపోతే వేడికి తట్టుకునే సిలికాన్ లేదా ఫైబర్ తొడుగు వైరు అదే మందంలో వేయండి. మామూలు పీవీసీ వైరు అక్కడ పనికిరాదు. ఫేజ్ ముందు కటౌట్‌కి, అక్కణ్ణుంచి థర్మోస్టాట్‌కి, ఆ తర్వాత ఎలిమెంట్ ఒక కాలికి. న్యూట్రల్ రెండో కాలికి. కొన్ని మోడళ్లలో కటౌట్ ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ రెంటినీ తెంపుతుంది, అందుకే ఫొటో తీయమన్నది. ఎర్త్ వైరు బోల్టు బిగుతు తప్పక చూడండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) లేకపోతే ఈ పనితోపాటే పెట్టించండి.

తెల్ల మరక గ్యాస్కెట్ (ఫ్లాంజ్ కింద నీళ్లు కారకుండా ఉండే రబ్బరు రింగు) కారుతున్న గుర్తు. నిలువు గీజర్‌లో ఆ నీరు నేరుగా టెర్మినళ్ల మీదికే వస్తుంది. కాబట్టి మీ విషయంలో ట్యాంకులో నీళ్లు దింపక తప్పదు, కొత్త గ్యాస్కెట్ వేయండి. నట్లని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకి వెళ్తే మళ్లీ కారుతుంది.

సున్నం_సమస్య జవాబు:

ఫ్లాంజ్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఎలిమెంట్‌నీ థర్మోస్టాట్ గొట్టాన్నీ శుభ్రం చేయండి. గొట్టానికి మాత్రమే సున్నం పట్టితే వేడి ఆలస్యంగా తెలుస్తుంది, నీళ్లు ఎక్కువ కాగుతాయి. ఎలిమెంటూ గొట్టమూ కలిసి ఒకే ముద్దగా గట్టిపడితే దీనికి ఎదురు జరుగుతుంది: గొట్టానికి నీళ్ల వేడి బదులు ఎలిమెంట్ వేడి తగిలి, గోరువెచ్చగా ఉండగానే ఆగిపోతుంది. అలాంటప్పుడు మంచి థర్మోస్టాట్లు మార్చి మార్చి డబ్బు పోగొట్టుకుంటారు. గోకడానికి చెక్క ముక్క వాడండి, ఇనుప బ్రష్ రాగి గొట్టాన్ని గీస్తుంది. టెర్మినళ్లు తడవకుండా వెనిగర్‌లో నానబెడితే చాలావరకు వదులుతుంది. మెగ్నీషియం కడ్డీ సన్నబడి తీగలా మిగిలితే అదీ మార్చండి, ట్యాంకుని తుప్పు నుంచి కాపాడేది అదే.

అన్నీ బిగించాక ముందు నీళ్లు నింపాలి. వేడినీళ్ల కుళాయి తెరిచి, గాలి చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా ఎంసీబీ ఎత్తొద్దు. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ చూస్తుండగానే కాలిపోతుంది. డయల్ 60 దగ్గర పెట్టండి. అంతకు మించితే సున్నం త్వరగా పడుతుంది, పిల్లల చర్మం సెకన్లలో కాలుతుంది. బాగా తగ్గించి నీళ్లు గోరువెచ్చగా నిలవుంచడమూ మంచిది కాదు, బాక్టీరియా పెరుగుతుంది. లెక్క ప్రకారం 25 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి రావడానికి 2000 వాట్లతో అరగంట పడుతుంది. ట్యాంకు వేడి బయటికి పోతుంది కాబట్టి ఇంకో ఐదు పది నిమిషాలు చూడండి. అప్పటికి ఎర్ర లైటు దానంతటదే ఆరాలి. ముప్పావుగంటయినా ఆరకపోతే ఎంసీబీ దింపేయండి.

వేడెక్కేటప్పుడు ప్రెషర్ వాల్వ్ నుంచి చుక్కలు పడితే భయపడొద్దు. 25 లీటర్లు అంత వేడెక్కితే సుమారు 350 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి, అవి ఎటో పోవాలి కదా. గీజర్ ఆపి చల్లారాక కూడా కారుతూనే ఉంటే వాల్వ్‌లో ఉప్పు చేరింది, మార్చండి. దాని మూతికి ప్లాస్టిక్ మూత బిగించి కారడం ఆపేవాళ్లున్నారు. మీ ఎలక్ట్రీషియన్ ఆ పని చేసి ఉంటే ముందు దాన్ని పీకేయండి.