మనుచరిత్రను హార్వర్డ్ అచ్చు వేస్తే మనకు ఒరిగిందేమిటి?

పాతపుస్తకం:
2015 జనవరిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం మూర్తి క్లాసికల్ లైబ్రరీ పేరుతో తొలి విడత 5 పుస్తకాలు తెచ్చింది. వాటిలో పెద్దన మనుచరిత్ర ఒకటి. అనువాదం వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌లది. 2022లో నంది తిమ్మన పారిజాతాపహరణం కూడా అదే వరుసలో వచ్చింది. ఎడమ పుటలో తెలుగు లిపిలో పద్యం, కుడి పుటలో ఇంగ్లీషు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోతున్నాను. మా అమ్మాయికి కొనిచ్చాను. ఎడమ పుట తిప్పడమే తప్ప చదవలేదు. కుడివైపు చదివేసి ‘మనుచరిత్ర అయిపోయింది నాన్నా’ అంది. ప్రతిపదార్థం లేని పద్యం ఆ పిల్లకు బొమ్మతో సమానం. 2010లో ఈ వరుసకు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారబ్బాయి రోహన్ మూర్తి ఇచ్చిన 52 లక్షల డాలర్లు మన దేశపు సొమ్మే కదా. అదే డబ్బుతో ఇక్కడ, తెలుగులో, టీకతో, అంటే పద్యానికి అర్థవివరణతో, వేయకూడదా?

గోదావరిగట్టు:
పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మనుచరిత్రలో హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడు దారి అడిగితే గంధర్వకన్య వరూధిని ‘ఇంతలు కన్నులుండ తెరువెవ్వరి వేడెదు భూసురేంద్ర’ అంటుంది. ఆ ‘ఇంతలు’ అన్నచోట చేయి కదలాలి. ఇంతంత కళ్ళు పెట్టుకుని నన్ను దారి అడుగుతావేమయ్యా అని కవ్వింపు. మా తెలుగు మాస్టారు ఆ మాట దగ్గర సుద్దముక్క కింద పెట్టి రెండు చేతులూ చూపించేవారు. ఇంగ్లీషులో కళ్ళు పెద్దవని తెలుస్తుంది, అంతే.

అచ్చుతప్పు:
చేతులు మన వావిళ్ల ప్రెస్సు వారు వేసిన ప్రతిలోనూ అచ్చు కాలేదండీ! మాస్టారే చూపించాలి.

పాతపుస్తకం గారూ, డబ్బు ఇక్కడే ఉంటే ఏమయ్యేదో చెప్పనా? నేను పదిహేనేళ్ళుగా పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. మన దగ్గర పరిశోధన గ్రంథం ఎలా వస్తుంది? డాక్టరేటు వచ్చాక సిద్ధాంత గ్రంథాన్ని రచయితే సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుంటాడు. ముందు నాలుగు ముందుమాటలు, వాటిలో మూడు ఆశీస్సులు. చివర పదసూచిక ఉండదు. మొన్న ఒక 400 పుటల పుస్తకంలో కవి ‘పాల్కురికి’ సోమన ఎక్కడెక్కడ వచ్చాడో వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. హార్వర్డ్ లాంటి చోట్ల రాతప్రతిని ముద్రణాలయం బయటి నిపుణులకు పంపుతుంది. వాళ్ళెవరో సాధారణంగా రచయితకు తెలియదు. బాగాలేదంటే తిరిగి రాయాల్సిందే. రచయితకూ ప్రెస్సుకూ మధ్య ‘వద్దు’ అనే మనిషి మనకు లేడు. అసలు లోటు అది.

చేనుగట్టు:
మరీ అంత తీసిపారేయకండి. తిరుమల తిరుపతి దేవస్థానం కవిత్రయ భారతాన్ని టీకా తాత్పర్యాలతో సంపుటాలుగా వేసింది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ పదకోశం వేసింది. ఊరూరా రైతులను అడిగి నాగలికి, కాడికి, మేడికి, కర్రుకు ఏ జిల్లాలో ఏమంటారో రాసుకొచ్చిన పని. దానికంటే ఒక్క ఏడాది ముందు, 1961లో, తెలుగు ధాతువుల మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది. ఒకే మనిషి, రెండు చోట్ల. కర్రు గురించి కాలిఫోర్నియా వాళ్ళు పదకోశం వేస్తారా?

అచ్చుతప్పు:
వేయరు, నిజమే. కానీ ఆ అకాడమీని 1983లో రద్దు చేసింది ఎవరు? మనమే. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టి దాని పని అందులో కలిపాం. నేను ఒక విశ్వవిద్యాలయ విక్రయ కేంద్రానికి (పేరు వద్దు) మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి తాళం. రెండోసారి భోజన విరామం. మూడోసారి ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా కుర్చీ వేసి, ‘ఆ పుస్తకం స్టాకు లేదు బాబూ, పునర్ముద్రణకు ఫైలు వెళ్ళింది’ అన్నారు. ఎప్పుడు వెళ్ళిందంటే నవ్వారు.

డాలస్‌పిన్ని:
ఒక్క మాట. మా అబ్బాయికి తెలుగు కూడబలుక్కుని చదవడం మాత్రం వచ్చు. కుడి పుట ఆసరాతో ఎడమ పుటలో ‘వరూధిని’ అన్న మాట వెతికి పట్టుకున్నాడు. టీక ఉన్న పుస్తకం వాడికి అసలే అందదు, టీక భాష పద్యం కంటే కష్టం!

ఇంకొకటి, ఆ పుస్తకాల కోసం చేయించిన అక్షరాల నుంచే టీరో తెలుగు ఖతి (ఫాంటు) వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మా బతుకమ్మ ఆహ్వానపత్రం దానితోనే వేశాం.

పాతపుస్తకం:
టీక భాష గురించి మీరన్నది ఒప్పుకోక తప్పదు పిన్నిగారూ. మా ఇంట్లో ఉన్న ప్రతిలో ‘అంబరచుంబి’కి ఇచ్చిన అర్థానికి మళ్ళీ నిఘంటువు చూడాల్సి వచ్చింది. అయినా నా ప్రశ్న వెనక్కి తీసుకోను. ఎడమ పుటకు తేలిక తెలుగులో అర్థం రాసే పని హార్వర్డ్‌ది కాదు, మనది. అచ్చుతప్పు గారూ, మీరు ‘వద్దు’ అనే మనిషిగా ఉంటానంటే ఒక ఆశ్వాసానికి (అధ్యాయానికి) అర్థం రాసి పంపుతాను.

అచ్చుతప్పు:
పంపండి. ఆశీస్సులు మాత్రం జత చేయకండి. చేనుగట్టు గారూ, ఆ వ్యవసాయ పదకోశం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

చేనుగట్టు:
నా దగ్గర జిరాక్సు ఉంది. ‘ఏతం’ ఉన్న పుట మాత్రం చిరిగిపోయింది.