రాయి వచ్చేదాకా సమాధికి గుర్తు ఏం పెడుతున్నారు?

ప్రశ్న:
మాది చిన్న యూదు శ్మశానం. చూసుకునేది నేనూ ఇంకో ఇద్దరం, ముగ్గురం వాలంటీర్లమే. పూడ్చిన రోజు ఇనప పుల్లకి ప్లాస్టిక్ కింద పేరు చీటీ పెట్టి గుచ్చుతాం. సమాధి రాయి నిలబెట్టేసరికి చాలా కుటుంబాలకు ఏడాది పడుతుంది. ఈలోపు నీళ్లు లోపలికి దిగి, ఎండకి ఇంకు పోయి, చీటీ తెల్లకాగితమైపోతోంది. మొన్న గడ్డి కోసినాయన మూడు పుల్లలు పీకి పక్కన పడేసి, పనయ్యాక ఏదో గుర్తుమీద మళ్లీ గుచ్చాడు. పక్కపక్కన ఉన్న రెండు కొత్త సమాధుల్లో ఏది ఎవరిదో తెలీక అరగంట టెన్షన్! ఒకదాని మీద మనవరాలు పెట్టిన గులకరాళ్లు ఉండబట్టి సరిపోయింది. మీరేం వాడుతున్నారు?

జవాబు 1:
చీటీ మానేయండి. అల్యూమినియం పట్టీ మీద అక్షరాలు గుద్దించండి, ఎండకి పోవు. హీబ్రూ పేరు, తండ్రి పేరు, హీబ్రూ తేదీ (యూదుల క్యాలెండర్ ప్రకారం) చాలు. తేదీ దగ్గరే జాగ్రత్త. యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, రాత్రి ఎనిమిదికి పోయినవాళ్లకి మర్నాటి తేదీ వేయాలి. అది తప్పితే వర్ధంతి కూడా ఏటా ఒకరోజు ముందే వచ్చేస్తుంది.

జవాబు 2:
పట్టీ మంచిదే, కానీ పీకేవాడికి అదీ ఒకటే. అసలు గుర్తు నోటుబుక్కులో ఉండాలి. గేటు స్తంభం నుంచి ఒకటి, గోడ మూల నుంచి ఒకటి, టేపుతో సమాధి తలవైపుకి రెండు కొలతలు రాసుకోండి. ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు. అది కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, సమాధుల మధ్య అంత ఎడమే ఉండదు.

జవాబు 3:
గుర్తు పోవడం కొత్తేం కాదు. మిష్నా (యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం) కాలంలో సున్నం కలిపి సమాధుల మీద పోసేవాళ్లు, యూదుల క్యాలెండర్‌లో అదార్ నెల 15న మళ్లీ గుర్తులు పెట్టేవాళ్లు. తెలియక ఎవరూ తొక్కి మైలపడకూడదని, ముఖ్యంగా కొహెన్లు, అంటే పురోహిత వంశం వాళ్లు. మా దగ్గర ఒక కొహెన్ లోపలికి రాకుండా దారిలోనే నిలబడి, వాళ్ల నాన్నది ఏదని అడిగారు. పుల్ల వెనక్కి తిరిగి ఉంది, పేరు కనపడలేదు. అప్పట్నుంచి అన్నీ దారివైపే తిప్పి పెడుతున్నాం.

అడిగినవారు:
ఇవాళే టేపు పట్టాం. మట్టి దిబ్బ అంచుతో చూస్తే ఒక పుల్ల జానెడు జరిగి ఉంది, సరిచేశాం. ఆ పక్క సమాధి బాగా కుంగింది. గులకరాళ్లు తీసి పక్కన పెట్టి, రెండు బుట్టల మట్టి పోసి, మళ్లీ వాటి వరసలోనే పేర్చాను. మొత్తం ఏడు రాళ్లు.