సమస్యాపూరణం: “చీమ కడుపులోన సింగముండె”

నిర్వహణ:
ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల గణాలు), ‘చీ’కి ‘సిం’కి యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి) కుదిరింది కనుక పాదంలో దోషం లేదు, మిగిలిన చిక్కంతా అర్థంలోనే ఉంది. చీమ అంటే 2014లో బజారులోకి వచ్చిన ఈఎస్పీ 8266 అనే వైఫై చిప్పు, లేదా 1 ఎంబీ ఫ్లాషును (కరెంటు పోయినా చెరగని జ్ఞాపకాన్ని) తన పొట్టలోనే పెట్టుకుని పుట్టిన దాని తోబుట్టువు 8285. సింగమంటే టాస్మొటా. థియో ఆరెండ్స్ మొదలుపెట్టిన ఈ ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ (చిప్పును నడిపే ప్రోగ్రాము) స్విచ్చు పెట్టెలోని చిన్న బోర్డును తయారీదారు క్లౌడుతో పని లేకుండా ఇంటి వైఫైలోనే నడిపిస్తుంది. ఫర్మ్‌వేర్ 600 కేబీ దాటుతుంది. వైఫై మీద కొత్తది దింపేటప్పుడు పాతది చెరగకముందే కొత్తదానికి పక్కన చోటు కావాలి. మొత్తం చోటు 1024 కేబీ. ఆంగ్ల పదాలను తెలుగు ముగింపుతో వాడవచ్చు. అయితే చీమ ఎలా మింగిందో పద్యంలోనే తేలాలి, వివరణలో కాదు.

టంకంకడ్డీ:
ఒక్క యెంబి చోట నొదుగ దీ సరకని
జిప్పు చుట్టి పంపఁ జేరె లోన;
కట్టు విప్పుకొనుచుఁ గదలెను బూటులో;
చీమ కడుపులోన సింగముండె.

లఘువు:
టంకంకడ్డీ గారూ, యతులన్నీ చక్కగా కూర్చున్నాయి. ‘చోట నొదుగ దీ’ దగ్గర స్వరయతి వినసొంపుగా ఉంది. అయితే నాకొక సందేహం. ఈ చిప్పులో ప్రోగ్రాము వాడుకోగల ర్యాము (నడిచేటప్పుడు వాడే తాత్కాలిక జ్ఞాపకం) 80 కేబీ వరకే కదా, అంత మూటను ఎక్కడ పెట్టి విప్పుతుంది?

టంకంకడ్డీ:
మూటను ఒక్కసారిగా విప్పదండీ. జీజిప్ పద్ధతిలో కుదించిన ఫైలు ఫ్లాషులోని ఖాళీ భాగంలో దిగుతుంది. బోర్డు మళ్లీ లేచినప్పుడు బూట్‌లోడర్ (అన్నిటికంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాము) దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, విప్పినంత మేరకు పాతదాని మీద రాసుకుంటూ పోతుంది. అందుకే ‘విప్పి’ అనకుండా ‘విప్పుకొనుచు’ అన్నాను. గణం కోసం వేసిన మాట కాదది.

మూడోఫేజు:
పద్యం బాగుంది కానీ అందరి ఇళ్లలోనూ నిజం కాదు. ఎప్పుడో ఎక్కించి మరచిపోయిన పాత ఫర్మ్‌వేర్ ఉన్న బోర్డులో బూట్‌లోడర్ కూడా పాతదే, దానికి ఈ మూట విప్పడం తెలియదు. అటువంటి బోర్డుకు మా తరం పద్ధతే దిక్కు. ముందుగా మినిమల్ అనే చిన్న ఫర్మ్‌వేర్ ఎక్కించాలి, అది తక్కువ చోటులో సర్దుకుని మిగిలినదంతా వదిలేస్తుంది, ఆ వదిలిన చోటులోకి అసలుది దిగుతుంది.

అడుగు మోపు మేర నడిగిన వామనుం
డటుల చిన్న దూరి యంతఁ బెద్ద
దానికొఱకుఁ దావుఁ దానె ఖాళీ చేసె;
చీమ కడుపులోన సింగముండె.

లఘువు:
మూడోఫేజు గారూ, గణాలకూ యతులకూ వంక పెట్టలేను గానీ, ‘వామనుండు’ అనే ప్రథమకు ‘అటుల’ అతకదు. ‘వామనునివలె’ అన్న అర్థం రావాలంటే ఆ విభక్తి అక్కడ లేదు. ‘నడిగెను వామనుం డటులె’ అని మార్చి చూడండి. అడిగెను అన్నా నాలుగు లఘువులే, డటులె అన్నా మూడు లఘువులే. వాక్యం మాత్రం ‘వామనుడు అడిగాడు, అలాగే చిన్నది దూరింది’ అని నిలబడుతుంది. ఇక రెండో అభ్యంతరం పోలిక మీద. వామనుడే పెరిగి త్రివిక్రముడైనాడు. మీ కథలో వామనుడు తప్పుకున్నాడు, వచ్చినది వేరొకడు.

మూడోఫేజు:
మొదటి సవరణ శిరోధార్యం. రెండోదానికి నా సమాధానం ఇది: రెండింటిలోనూ సెట్టింగులు ఒక్కటే. వైఫై పేరూ సంకేతపదమూ ఫ్లాషు చివరి భాగంలో ఉండిపోతాయి, మినిమల్ వాటిని ముట్టుకోదు. రూపం మారినా జ్ఞాపకం మారలేదు కనుక వామనుడన్నాను. కాకపోతే మినిమల్ దగ్గరే ఆగిపోయి ‘పని చేయడం లేదే’ అని బెంగపడేవారు ప్రతి ఏడాదీ కనిపిస్తూనే ఉంటారు. అది మజిలీ మాత్రమే, ఊరు కాదు.

చిట్టిపలక:
పెద్దలకు నమస్కారం. ఆటవెలది రాయడం నాకిదే మొదటిసారి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం చూసే డ్రైవరు కోడు ఒకటి సొంతంగా రాసుకుని టాస్మొటాలో కలిపాను. కలిపిన మర్నాటి నుంచి బోర్డు గంటకోసారి దానంతట అదే రీబూటయ్యేది. ఆ అనుభవమే ఈ పద్యం. ఇందులో హీపు అంటే ప్రోగ్రాము నడుస్తూ వాడుకునే ర్యాము భాగం.

ర్యాము తక్కువాయె మాటలు దాఁచఁగా
ఫ్లాషులోకి వానిఁ బంపినాను;
ఊపిరాడె హీపు కుడిగెను రీబూట్లు;
చీమ కడుపులోన సింగముండె.

లఘువు:
చిట్టిపలక గారూ, మొదటిసారి అంటే నమ్మలేకపోతున్నాను. ‘ఊపిరాడె హీపు కుడిగెను రీబూట్లు’ వంటి పాదం చేయి తిరిగినవారికి కూడా అరుదుగా పడుతుంది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, ‘ర్యా’కు ‘మా’ చెల్లదు. ‘రాతలు’ అంటే యతి కుదురుతుంది, స్ట్రింగులకు (కోడులోని అక్షరాల వరుసలకు) మాటలకంటే రాతలే దగ్గర.

టంకంకడ్డీ:
చిట్టిపలక గారూ, రెండో పాదంలో నా పట్టుదల వేరు. మీరు వాటిని ఫ్లాషులోకి పంపలేదు. ఆ రాతలు మొదటినుంచీ ఫ్లాషులోనే ఉన్నాయి. ఈ చిప్పు లేచేటప్పుడు మామూలు స్ట్రింగులకు ర్యాములో నకలు తీసుకుంటుంది, అంటే ఒకే రాత రెండు చోట్ల కూర్చుంటుంది. కోడులో ప్రోగ్‌మెమ్ అని గుర్తు పెడితే ఆ నకలు తీయదు. కాబట్టి పద్యంలో ‘పంపడం’ కాదు, ‘ఉంచడం’ రావాలి:

ర్యాము తక్కువాయె రాతలు దాఁచఁగా;
ఫ్లాషులోనె వానిఁ బట్టి యుంచ
నూపిరాడె హీపు కుడిగెను రీబూట్లు;
చీమ కడుపులోన సింగముండె.

నిర్వహణ:
సవరణ బాగుంది. అయినా ఒక లోటు మిగిలింది. మూడు పాదాలలోనూ చీమ ఆయాసం కనిపిస్తోంది గానీ సింగం ఎక్కడా అడుగు పెట్టలేదు, చివరి పాదం అతుకు వేసినట్లుంది. చిట్టిపలక గారు మరొకసారి ప్రయత్నించాలని కోరుతున్నాను.

అటకమీది పెట్టె:
నా బోర్డు ఫాల్స్ సీలింగు లోపల ఉంది. మొదటిసారి ఫర్మ్‌వేర్ ఎక్కించినప్పుడు దాన్ని మెయిన్సు నుంచి పూర్తిగా విడదీసి, నాలుగు తీగలు టంకం పెట్టి, పైనున్న బటను నొక్కి పట్టుకుని 3.3 వోల్టులు ఇచ్చాను. అంతకుముందు ఇంకొక బోర్డుకు తొందరలో 5 వోల్టులు ఇచ్చి, కాలిన వాసన చూసి ఉన్నాను. మళ్లీ నిచ్చెన ఎక్కకూడదన్న పట్టుదలతో ఈసారి ఫర్మ్‌వేర్‌నే తగ్గించాను. ఫర్మ్‌వేర్‌ను కూర్చే ప్లాట్‌ఫామ్‌ఐఓలో నాకు అక్కరలేనివాటికి వరుసగా అన్‌డెఫ్ (ఈ భాగం వద్దనే సూచన) రాసుకుంటూ పోయాను. డొమోటిక్స్ (ఇంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) కోసం ఉన్న భాగం, హ్యూ దీపాల అనుకరణ, కరెంటు వాడకం కొలిచే డ్రైవర్లు అన్నీ పోయాయి. రిలే, టైమర్లు, ఎమ్‌క్యూటీటీ (పరికరాలు సందేశాలు పంపుకునే పద్ధతి) మిగిలాయి.

వలయునదియె యుంచి వలదన్న వన్ని తీ
సితిని నేను; పిదపఁ జిప్పు నవ్వె;
జూలు గోళ్లు తీయ సులువుగా నిమిడెను;
చీమ కడుపులోన సింగముండె.

టంకంకడ్డీ:
జూలూ గోళ్లూ తీసేశాక అది సింగమెలా అయింది పెట్టె గారూ? పిల్లి కాదూ?

అటకమీది పెట్టె:
సీలింగు లోపల గర్జించవలసిన పనేమీ లేదండీ, రాత్రి ఏడింటికి దీపం వెలిగితే చాలు. వైఫై మీద నవీకరించే భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది తీస్తే నిచ్చెన మళ్లీ బయటికి వస్తుంది.

నిర్వహణ:
‘జూలు’కు ‘సులువు’ యతి, దానితోపాటు సింగాన్ని నేరుగా చూపిన మూడో పాదం, ఈ రెండూ నన్ను కట్టిపడేశాయి. రెండో పాదంలో ‘నేను’ లేకున్నా అర్థం తెలుస్తుంది గానీ, లేకుంటే గణం చాలదు. ఈ వారానికి నా ఓటు దీనికే; సవరించిన వామనుడు దీని తరువాతివాడు.

లఘువు:
వారం ముగియకముందే నాదీ ఒకటి. ఇంతసేపూ ఎవరూ పద్యంలో ‘ఈఎస్పీ’ అనే మాట వాడలేదు, గమనించారా? మూడూ గురువులే, మగణం. సూర్యగణాలలో పట్టదు, ఇంద్రగణాలలో ఏ ఒక్కదానిలోనూ పట్టదు. ఆటవెలది మొత్తంలో దానికి బేసి పాదాల చివర, నాలుగో గణం గురువుతో ముగిసి అయిదో గణం తగణం (రెండు గురువులు, ఒక లఘువు) అయ్యే సందులో తప్ప చోటు లేదు. ఆ సందులో దింపాను:

ఇరుకు మాన్ప నెంచి యింటి కీయెస్పీని
ముప్పదియును రెండు మోజుతోడఁ
దెచ్చునంతలోనఁ దెలిసెను పాతదౌ
చీమ కడుపులోన సింగముండె.

మూడోఫేజు:
శభాష్ లఘువు గారూ. ఈఎస్పీ 32 బోర్డులలో మామూలుగా 4 ఎంబీ ఫ్లాషు ఉంటుంది కనుక ఆ కొనుగోలు ఆలోచన సహజమే, ‘పాతదౌ చీమ’ అనే అన్వయం ఇంకా సహజం. కాని ‘ముప్పదియును రెండు’ ఏమిటండీ? ముప్పై రెండును అలా ఎవరు పలుకుతారు? ఆ ‘యును’ ఉత్త పాదపూరణమే.

లఘువు:
ఒప్పుకుంటున్నాను. ‘యును’ తీస్తే ‘ది’ తరువాత ‘రెం’ వచ్చి సూర్యగణం చెడుతుంది, ఉంచితే మీకు రుచించదు. పెట్టె గారిలా అన్‌డెఫ్ రాసుకుందామంటే ఛందస్సులో ఆ వసతి లేదు.