లంచ్‌బాక్సులో ఎంగిలి చెయ్యి పెట్టొద్దంటే తప్పా?

కృష్ణాతీరం:
ఆఫీసులో మధ్యాహ్నం అందరం కలిసి తింటాం. డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుంటాం. స్పూన్లు ఉన్నా ఎవరూ ముట్టుకోరు. అన్నం కలిపిన చేత్తోనే పక్కవాళ్ల వేపుడు తీసుకుంటారు. నిన్న "స్పూన్‌తో వేసుకుందామా?" అని అడిగాను. ఒకావిడ మొహం ముడుచుకుని, "కలిసి తినేచోట ఇవన్నీ చూస్తే ఎలా?" అంది. అడగడం తప్పంటారా?

గోంగూరపచ్చడి:
నాకైతే అతి అనిపిస్తోంది. కొత్తావకాయ కలిపిన రోజు మా అమ్మమ్మ పెద్ద బేసిన్‌లో అన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టేది. జామకాయ మీద గుడ్డ కప్పి కొరికి, కాకెంగిలి చేసి పంచుకున్న పిల్లలమే మనమంతా. ఎవరికేమైంది?

పాతపద్ధతి:
ఎంగిలి కూడదని పెద్దలు ఎప్పుడో చెప్పారు. తినేటప్పుడు గరిట ఎడమ చేత్తో పట్టుకోమన్నారు, చెంబు ఎత్తి పోసుకోమన్నారు. అదంతా సైన్సే. మనమే వదిలేశాం.

వార్డుసిస్టర్:
అమ్మమ్మ ముద్ద, ఆఫీసు డబ్బా ఒకటి కావు. అమ్మమ్మ చెయ్యి కడుక్కుని కలిపింది, ఆ చెయ్యి ఆవిడ నోట్లోకి వెళ్లలేదు. మీ లంచ్‌లో చెయ్యి నోటికీ కూరకీ మధ్య తిరుగుతుంది, మధ్యలో ఫోన్ కూడా పట్టుకుంటుంది.

నిజానికి ఉమ్మి కన్నా నాకు భయం బాత్‌రూమ్ నుంచి సరిగా కడుక్కోకుండా వచ్చిన చెయ్యి. టైఫాయిడ్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ అలా వస్తాయి. నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బు రాసి కనీసం 20 సెకన్లు, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద కూడా రుద్దాలి.

"ఎవరికేమైంది" అన్నారు. టైఫాయిడ్ బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు, హెపటైటిస్-ఎకి దాదాపు నెల పడుతుంది. అప్పటికి ఆ రోజు ఎవరి డబ్బాలో తిన్నామో ఎవరికి గుర్తుంటుంది? జబ్బు అంటించినవాళ్లకు ఒంట్లో బాగానే ఉండొచ్చు కూడా. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషికి ఏ జబ్బూ ఉన్నట్టు కనిపించలేదు, కానీ ఆమె వండిన ఇళ్లలో వరుసగా టైఫాయిడ్ వచ్చింది. 1907లో ఆమెను గుర్తించి విడిగా ఉంచారు. అనుమానం వేడి వంటల మీద కాదు, పచ్చి పీచ్ పండ్ల ముక్కలు వేసి చేసిన ఐస్‌క్రీమ్ మీద పడింది.

పాతపద్ధతిగారూ, గరిట నియమం మంచిదే, నేనూ పాటిస్తాను. కానీ ఆ పెద్దల ఊళ్లలోనే టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. అక్కడ చూసింది చెయ్యిని కాదు, కులాన్ని. దాన్ని సైన్స్ అంటే నేనొప్పుకోను. ఇప్పటికీ టీబీ మందులు వాడేవాళ్లకు ఇళ్లలో కంచం వేరు చేస్తున్నారు. టీబీ గాలి ద్వారా వస్తుందండీ, కంచంలోంచి కాదు. కలిసి తింటే హెచ్ఐవీ రాదు, హెపటైటిస్-బి రాదు. మందులు వేసుకుంటూ పీట దూరంగా జరుపుకుని కూర్చునే మనిషిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి స్పూన్ అడగండి, తప్పు లేదు. ఎవరో ఒక్కరు చెయ్యి పెట్టినప్పుడే అడిగి మిగతావాళ్లను వదిలేయొద్దు, అంతే.

పాతపద్ధతి:
రెండు గ్లాసుల్ని నేను సమర్థించడం లేదు. ఎంగిలి వేరు, అంటు వేరు.

వార్డుసిస్టర్:
మీరు వేరుగా చూస్తున్నారు, సంతోషం. చాలా ఇళ్లలో ఇంకా కలిపే చూస్తున్నారు.

గోంగూరపచ్చడి:
సరే, స్పూన్ పెట్టారనుకోండి. దాంతోనే తిని మళ్లీ డబ్బాలో ముంచుతారు. అప్పుడేం లాభం?

వార్డుసిస్టర్:
ఏ లాభమూ లేదు. అందుకే కృష్ణాతీరంగారూ, మూత తీయగానే, ఇంకా ఎవరూ అన్నం కలపకముందే, మీ కూర మీరే అందరి మూతల్లోకీ వేసేయండి. ఆవిడకి కాస్త ఎక్కువే వేయండి. ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.